దీపం మసకబారిన చోటు

పోయిన వారం దెల్ఫీనా వరాచిని మనం ఆస్పత్రిలో, కిటికీ లేని స్కానింగు గదిలో వదిలి వచ్చాం. ఏడు నెలల కిందట చనిపోయిన కాసిమీరో తికోనా మెదడు బొమ్మలను ఆమె మళ్లీ తెరిచి చూస్తోంది. ఇంటి పైరేకు సరిచేస్తూ జారిపడి, ఉలుకూ పలుకూ లేకుండా మంచాన పడ్డ మనిషి ఆయన. లోపల తలపు మిగిలి ఉందో లేదో తేల్చమని స్కానింగుకు పంపారు. ఏమీ లేదని చదివి చెప్పింది దెల్ఫీనాయే. ఆ మాట నమ్మి ఆయన భార్య సాతుర్నీనా కాగితం మీద సంతకం పెట్టింది, శ్వాస గొట్టం తీసేశారు. ఇప్పుడు వేరే పరిశోధన కోసం పాత గని కార్మికులను యంత్రంలో పడుకోబెట్టి వేళ్లు ఆడించమన్నారు. స్పృహలో ఉండి, జోకులు వేస్తూ వేళ్లు ఆడించిన ఆ మనుషుల బొమ్మల్లో కూడా వెలుగు రావలసిన చోట నీడ పడింది. అలాంటి నీడలే కాసిమీరో బొమ్మల్లోనూ ఉన్నాయి. విభాగం పెద్ద డాక్టర్ బుస్తీయోస్ ఆమె చెప్పిందంతా విని, తలుపు వేసి, "ఈ సంగతి ఈ గది దాటితే నువ్వూ ఈ గది దాటుతావు" అన్నాడు.

దెల్ఫీనా గది దాటింది.

*

చనిపోయినవాళ్లు నవంబరు ఒకటో తేదీ మధ్యాహ్నం పన్నెండింటికి వస్తారు. మర్నాడు పన్నెండింటికి వెళ్లిపోతారు. కొండల మీద, గాలి పల్చబడే ఎత్తులో ఉన్న ఈ ఎల్ ఆల్తో ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. దెల్ఫీనా కేబుల్ కారు దిగేసరికి పదకొండూ నలభై. పన్నెండు కొట్టేలోపు చెప్పవలసింది చెప్పేసి బయటపడాలని ఆమె ఆలోచన. ఆయన వచ్చి కూర్చున్నాక ఆయన ముందే ఆయన గురించి ఎలా చెప్పడం? భౌతికశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నదాన్ని, నాకీ లెక్కలేమిటని తనను తనే విసుక్కుంది. కాళ్లు మాత్రం వాటి పాటికవి పరుగులాంటి నడక నడిచాయి.

ఎండ కళ్లలో గుచ్చుతోంది, గాలి మాత్రం ఎముకలు కొరుకుతోంది. వీధి మలుపుల్లో పొయ్యిలనుంచి అప్పుడే తీసిన రొట్టె వాసన. ముఖాలు అతికించిన రొట్టె బొమ్మలను బుట్టల్లో పెట్టుకుని, పైన గుడ్డ కప్పి, ఆడవాళ్లు ఇళ్లకు పోతున్నారు.

ఆమె సంచిలో ఒక కవరుంది. కవరులో రెండు కాగితాలు. మొదటిది మెదడు బొమ్మ. అది బయటికి తీస్తే సాతుర్నీనా గుండె పగులుతుంది, కాని తీయక తప్పదు. రెండోది ఓదార్పు. కనీసం దెల్ఫీనా అలాగే అనుకుంది.

స్కానింగు రోజు కాసిమీరో చెవుల్లో ఒక నియమం చెప్పారు. జవాబు అవునైతే మొరెనాద నాట్యం చేస్తున్నట్టు తలుచుకో, కాదైతే సంతనుంచి ఇంటికి నడిచి వెళ్తున్నట్టు తలుచుకో. నాట్యానికి మెదడులో ఒక చోటు పనిచేస్తుంది, తెలిసిన దారిలో నడవడానికి ఇంకో చోటు. పండగ ఊరేగింపుల్లో ఇరవై రెండేళ్లు గిలక్కాయ తిప్పుతూ ఆడినవాడు గనుక నాట్యం పెట్టమని సాతుర్నీనాయే చెప్పింది. రాసిపెట్టుకున్న ప్రశ్నలు మూడూ అయ్యాక, "ఒక్క మాట నేనడగనా?" అంది. అది పద్ధతిలో లేదు. అయినా దెల్ఫీనా మైకు ఆమె చేతికిచ్చి, "అవునో కాదో చెప్పగలిగేదే అడగండి. అడిగాక అర నిమిషం ఆగండి" అని చెప్పింది. భార్యాభర్తల మాట మనకెందుకని, తన చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసేసి గోడవైపు తిరిగి నిలబడింది. సాతుర్నీనా పెదవులు మైకుకు ఆనించి, ఐమారా భాషలో, గుసగుసగా ఏదో అడిగింది. ఆగింది. మళ్లీ అడిగింది. మొత్తం మూడుసార్లు.

ఆ ప్రశ్న ఏమిటో సాతుర్నీనాకు తప్ప ఎవరికీ తెలియదు. జవాబు వారం కిందటి వరకూ ఎవరికీ తెలియదు. ఇప్పుడు దెల్ఫీనాకు తెలుసు. మూడుసార్లూ ఆయన ఇంటికి నడిచాడు. కాదు, కాదు, కాదు.

ఆ గాజు కిటికీ ఇవతల కుర్చీలో కూర్చున్న తల్లులను, పెళ్లాలను దెల్ఫీనా ఆరేళ్లుగా చూస్తోంది. అందరి గొంతులోనూ అడ్డం పడేది ఒక్కటే ప్రశ్న. నొప్పిగా ఉందా? సాతుర్నీనా కూడా అదే అడిగి ఉంటుంది. లేదు, నొప్పి లేదు అని ఆయన మూడుసార్లు చెప్పాడన్నమాట. ముందు చేదు తాగించి, ఆ వెనకే ఈ చెంచాడు తేనె నోట్లో వేసి రావాలని దెల్ఫీనా బయలుదేరింది.

*

ఇటుకలు కనబడే గోడల ఇల్లు, ముందు చిన్న వాకిలి. వాకిట్లో ఖాళీ సీసాల పెట్టె తిరగేసి, దానిమీద కూర్చుని ఒక మనిషి చెరుకు గడల ఆకులు దూస్తున్నాడు. ముప్పై దాటి ఉంటాయి. మినీబస్సు డ్రైవర్ల తోలు కోటు. దెల్ఫీనా గుర్తుపట్టింది. కొడుకు రోములో. ఆ రోజు ఆస్పత్రి వరండాలో "మా నాన్న వింటున్నాడు" అంటూ డాక్టర్ల మీదికి వెళ్తే ఇద్దరు కాపలావాళ్లు పట్టుకుని బయటికి తీసుకుపోయారు.

అతనూ గుర్తుపట్టాడు. కూర్చున్నచోటునుంచి లేవలేదు.

"బొమ్మల ఇంజినీరమ్మ," అన్నాడు. "ఈసారి ఎవరు లేరని చెప్పడానికి వచ్చారు?"

లోపలినుంచి గొంతు వినబడింది. "ఎవరది? ప్రార్థన చెప్పేవాళ్లైతే పన్నెండు కొట్టాక రమ్మను. ఆయన రాకుండా ఎవరికి చెబుతారు, గోడకా?"

సాతుర్నీనా గుమ్మంలోకి వచ్చింది. పొట్టి మనిషి. నల్ల లంగా, నల్ల శాలువా, నల్ల టోపీ. చేతులకు పిండి. దెల్ఫీనాను చూసి కాసేపు కళ్లు చికిలించింది.

"నువ్వా అమ్మాయ్. ఇంత చిక్కిపోయావేం, ఆ గుహలో నీకు తిండి పెట్టరా? ప్రార్థనకొచ్చావా, రొట్టెకొచ్చావా?"

"రెండింటికీ కాదమ్మా. ఒక మాట చెప్పాలి."

"అయితే చలికాచుకుంటూ చెబుదువుగాని. రా."

గదిలో గోడవారగా బల్ల. బల్లమీద నల్లగుడ్డ, దానిమీద కాసిమీరో ఫోటో. పాత ఫోటో, ఊరేగింపు దుస్తుల్లో, చంకలో ముసుగు పట్టుకుని నవ్వుతున్నాడు. ఫోటోకు రెండు పక్కలా రొట్టె బొమ్మలు, వెనక, ఆయన పైనుంచి దిగి రావడానికి రొట్టె నిచ్చెన. ఉల్లికాడలు పువ్వులతో సహా తెచ్చి కూజాలో నిలబెట్టారు, తిరుగు ప్రయాణంలో నీళ్లు పట్టుకుపోవడానికి. వేరుసెనగ సూపు గిన్నె ఆవిర్లు కక్కుతోంది. పక్కన కోకా ఆకులు, ఒక చిన్న గ్లాసుడు సారా. దెల్ఫీనా దగ్గర్లో ఉన్న కుర్చీ లాగబోయింది.

"అది కాదు," అంది సాతుర్నీనా. "అది ఆయనది. నువ్విటు బెంచీ మీద కూర్చో."

కూర్చుంది. కవరు ఒళ్లో పెట్టుకుంది. సాతుర్నీనా గుమ్మంవైపు చూడకుండా, గుమ్మానికి వినబడేట్టు అంది. "ఇంజినీరమ్మా, ఆ వాకిట్లో కూర్చున్నాయన్ని అడుగు, సూపు తాగుతాడేమో."

దెల్ఫీనా అటు తిరిగింది. అడగనక్కర్లేకుండానే జవాబు వచ్చింది. "తాగే వచ్చానని చెప్పండి."

"ఎక్కడ తాగాడో అడుగు. బస్టాండు దగ్గర సూపులో వేరుసెనగ ఉండదు, గోడ సున్నం ఉంటుంది."

"ఏదో ఒకటి. చెరుకు గడలు తెచ్చాను, తీసుకోమనండి. నాన్నకు చేతికర్ర కావాలి గదా అని తెచ్చాను, ఇంకెవరికోసమూ కాదు."

"తీసుకున్నానని చెప్పు," అంది సాతుర్నీనా. తర్వాత గొంతు తగ్గించి, "పూడ్చిపెట్టి వచ్చినప్పటినుంచి ఇంతే. ఏడు నెలలు. మొదట్లో మధ్యవర్తిగా మా కుక్క ఉండేది. ఇవాళ నువ్వు దొరికావు" అంది. నవ్వబోయింది గాని నవ్వు సగంలో ఆగింది.

ఇప్పుడే చెప్పాలి. దెల్ఫీనా గొంతు సవరించుకుంది. అంతలో వీధి చివర చర్చి గంట మోగింది. నాలుగిళ్ల అవతల ఎవరో టపాకాయలు కాల్చారు. సాతుర్నీనా గభాల్న వెళ్లి, తలుపు రెండో రెక్క కూడా తీసి, టోపీ తీసి చేత్తో పట్టుకుంది. వాకిట్లో రోములో కూడా లేచి నిలబడ్డాడు. పన్నెండు గంటలూ మోగేదాకా ఎవరూ కదల్లేదు. గాలికి నల్లగుడ్డ అంచు కాస్త లేచింది.

"రా కాసీ," అంది సాతుర్నీనా మామూలుగా, సంతనుంచి వచ్చినవాడిని పిలిచినట్టు. "సూపు వేడిగా ఉంది, చూసుకో."

కుర్చీ కొంచెం వెనక్కి జరిపి, బల్లమీది చెంచా సర్దింది. అప్పుడు వచ్చి బెంచీ మీద దెల్ఫీనా పక్కన కూర్చుంది.

"ఇక చెప్పు. ఇద్దరం వింటాం."

*

దెల్ఫీనా దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"అమ్మా, ఏప్రిల్లో నేను మీకు చెప్పింది తప్పు."

"ఏది?"

"ఆయన లోపల ఏమీ లేదని చెప్పాను. ఉంది. ఆయన ఉన్నాడు. మేం చెప్పింది వింటున్నాడు, తలుచుకోమన్నది తలుచుకున్నాడు."

సాతుర్నీనా చేతులు లంగామీద పిండి దులుపుకుంటూ ఉన్నాయి. దులపడం ఆగలేదు.

"తిన్నగా చెప్పు," అంది. "నాకు సంతకం ఒక్కటే వచ్చు. చదువు రాదు గదా అని చుట్టు తిప్పకు."

"మా యంత్రానికి ఆలోచన కనబడదమ్మా. దానికి కనబడేది రక్తం. మెదడులో ఏ చోటు పనిచేస్తే ఆ చోటు రక్తంలోని ప్రాణవాయువును తినేస్తుంది. అప్పుడు అక్కడి నాళాలు తెరుచుకుని తాజా రక్తం పంపుతాయి, తిన్నదానికన్నా ఎక్కువే పంపుతాయి. తలుచుకున్న ఐదారు సెకన్లకు వచ్చి చేరుతుంది. ఆ వచ్చినదే మాకు తెరమీద వెలుగు. వెలుగుంటే అక్కడ పని జరుగుతోందంటాం. వెలుగు లేకపోతే..."

"జరగడం లేదంటారు."

"అన్నాం."

"ఈయనకు వెలుగు లేదు. నువ్వే చూపించావు. అంతా బూడిద రంగు."

"వెలుగు లేదు. నీడ ఉంది." దెల్ఫీనా కవరులోంచి మొదటి కాగితం తీసి ఆమె ఒళ్లో పెట్టింది. బూడిదరంగు మెదడు, నడినెత్తికి దగ్గరగా ఒక నీలిమచ్చ. "ఇది నాట్యం చేయమన్నప్పుడు. ఆపమంటే ఈ మచ్చ పోయేది. మళ్లీ చేయమంటే వచ్చేది. ఎన్నిసార్లు చెబితే అన్నిసార్లు."

సాతుర్నీనా ఆ మచ్చమీద వేలు పెట్టింది. తీయలేదు.

"ఆయన పెదవులు ఎలా ఉండేవో గుర్తుందా అమ్మా?"

"మర్చిపోతానా? ఎప్పుడూ ఊదా మొక్కజొన్న జావ తాగి మూతి తుడుచుకోనట్టు ఉండేవి. పెళ్లిచూపుల్లో మా అమ్మ అడిగింది, పిల్లవాడు తాగొచ్చాడా అని. ఆరు నెలలకోసారి రక్తం తీయించుకునేవాడు. తారులా వస్తుందని నర్సులు వేళాకోళం చేసేవాళ్లు."

"ఆ రక్తమేనమ్మా. ఇంత ఎత్తులో గాలి పల్చన. ఒళ్లు ఆ లోటు పూడ్చుకోవడానికి రక్తాన్ని చిక్కన చేసుకుంటుంది. ఆయన మెదడు నాళాలు చాలీచాలని గాలికోసం ఎప్పుడో పూర్తిగా తెరుచుకుని ఉన్నాయి. ఇంకా తెరుచుకోవడానికి మిగల్లేదు. తలుచుకున్నప్పుడు ఆ చోటు ఉన్నది తినేసింది, కొత్తది రాలేదు. పెరగవలసింది తగ్గింది. మా లెక్కలన్నీ సముద్రం ఒడ్డున ఉండేవాళ్లను చూసి కట్టినవి. తగ్గినవాటిని చూపించొద్దని తెరమీద ఒక గడి ఉంటుంది. బొమ్మ తెరవగానే దాన్ని నొక్కడం మాకు అలవాటు. వాటిని నీడలంటాం, చెత్త అంటాం." ఆమె ఊపిరి తీసుకుంది. "ఆ రోజు నొక్కింది నేనే. మా నాన్న పెదవులూ అలాగే ఉండేవి. నేను పుట్టింది ఇక్కడికి ఆరు వీధుల అవతల. అయినా నాకు తట్టలేదు."

సాతుర్నీనా ఫోటోవైపు చూసింది. సూపు మీద ఆవిరి సన్నబడింది.

"పెళ్లైన కొత్తలో నేనూ గని బయట రాళ్లు కొట్టేదాన్ని," అంది చివరికి. "కాసీ పైకి వచ్చి చెప్పేవాడు. గాలి గొట్టం సరిగా అందని సొరంగంలో పదిమంది ఒక్కసారిగా సుత్తి ఎత్తితే కార్బైడు దీపం మసకబారుతుందట. దూరంనుంచి చూసిన కొత్త మేస్త్రీ అక్కడ చీకటిగా ఉంది, ఎవరూ లేరనుకుని వెనక్కి పోయేవాడట. పాతవాళ్లు పోరు. ఎవరూ లేని చోట దీపం నిక్షేపంగా వెలుగుతుంది. మసకబారిందంటే అక్కడ మనుషులున్నట్టు, రొప్పుతున్నట్టు."

"అంతేనమ్మా. అదే."

"అదే అయితే, మూడో తరగతి చదవని గని మనిషికి తెలిసినది..." ఆమె మాట పూర్తి చేయలేదు. కాగితాన్ని బల్లమీద, ఫోటో ముందు, బోర్లించి పెట్టింది.

"నువ్వు నాకు లేదని చెప్పాక ఎన్ని రోజులున్నాడు?"

"తొమ్మిది."

"తొమ్మిది రోజులు." ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "మొదటి రోజు మా వదిన వచ్చింది. ఆయన మంచం పక్కనే నిలబడి, పోనీలే సాతూ, ఆ తల దెబ్బతో బతికినా వెర్రివాడయ్యేవాడు అంది. నేను కాదనలేదు. మూడో రోజు పాదిరీ వచ్చాడు. ఐదో రోజు శవపేటికవాడితో ఫోనులో మాట్లాడాను. బయట వరండాలో చలిగా ఉందని లోపలే, ఆయన కాళ్ల దగ్గర కూర్చుని మాట్లాడాను. ఏ చెక్క, ఎంత పొడుగు అన్నాడు వాడు. జేనతో ఆయన్ని కొలిచాను అమ్మాయ్. తలనుంచి పాదాలదాకా, ఈ చేత్తో. మూడుసార్లు, తప్పు రాకూడదని."

దెల్ఫీనా ఏడవకూడదని వచ్చింది. ఈ ఇంట్లో ముందుగా ఏడ్చే హక్కు తనకు లేదని దారిలోనే అనుకుంది. తల వంచుకుంది.

"చక్కిలిగిలి ఎక్కువ ఆయనకి," అంది సాతుర్నీనా. "నవ్వొచ్చి ఉంటుంది. లేకపోతే..." ఆ లేకపోతేను కూడా అక్కడే వదిలేసింది.

గుమ్మంలో నీడ పడింది. రోములో వచ్చి నిలబడ్డాడు. గడప దాటలేదు. చెరుకు గడ ఒకటి చేతిలోనే ఉంది. అతను ఎంతసేపటినుంచి వింటున్నాడో తెలియదు. ముఖం చూస్తే మొదటినుంచీ విన్నట్టే ఉంది.

"ఇంజినీరమ్మా," అన్నాడు. "బ్యాండుమేళం కిటికీ కింద పోతుంటే మా నాన్న కంట్లో నీళ్లు తిరిగాయి. కంటికి తడి ఆరకుండా వేసే చుక్కలు అన్నాడు మీ డాక్టరు. ఆ చుక్కలు పొద్దున్నుంచీ వేయలేదు. నేను నర్సును అడిగి కనుక్కున్నాను. చెప్పాను. అందరికీ చెప్పాను. మా అమ్మకు చెప్పండి, నేను చెప్పానని."

సాతుర్నీనా అతనివైపు తిరగలేదు. "చెప్పాడని నాకు గుర్తుందని చెప్పు."

"కొడుకు కళ్లతో చూసినదానికన్నా మీ కాగితం ఎక్కువైంది. ఎందుకైందో అడగండి."

"ఎందుకంటే," అంది ఆమె, నల్లగుడ్డ అంచు సరిచేస్తూ, "వాడు ఆశతో చూస్తున్నాడనుకున్నాను. ఆశతో చూసినవాడికి అన్నీ కదులుతాయి. నాకూ కదిలేవి. రోజూ కదిలేవి. నా కళ్లను నేను నమ్మకూడదని, ఆశ లేనివాళ్లు చూసి చెబితే బాగుండునని ఆ యంత్రాన్ని నమ్మాను. ఆ మాట వాడికి చెప్పు."

దెల్ఫీనా ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పవలసినవి వాటంతటవే అటూ ఇటూ పోయి చేరుతున్నాయి. రోములో చెరుకు గడను గోడకు ఆనించి పెట్టాడు. అది జారింది. మళ్లీ పెట్టాడు.

ఇక తేనె తీయాలి. ఇంతకన్నా మంచి సమయం రాదు.

"అమ్మా, ఇంకొకటి ఉంది. ఆ రోజు మీరు మైకులో అడిగారు చూడండి, మూడుసార్లు. దానికి కూడా ఆయన జవాబు చెప్పాడు."

నల్లగుడ్డ సరిచేసే చేతులు అప్పుడు ఆగాయి.

"అది వృథా అన్నారుగా. లెక్కలోకి రాదన్నారుగా."

"పుస్తకంలో రాయలేదు. యంత్రం మాత్రం ఆగలేదు, అంతా రికార్డు చేసింది. నేను చూశాను." దెల్ఫీనా రెండో కాగితం సగం బయటికి లాగింది. గొంతులోకి, తనకు తెలియకుండానే, కాస్త వెచ్చదనం వచ్చింది. "మీరేం అడిగి ఉంటారో నేను ఊహించానమ్మా. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లందరూ అడిగేదే. నొప్పిగా ఉందా అని..."

"నొప్పా?" సాతుర్నీనా ఆమెను వింతగా చూసింది. "నొప్పి గురించి నేనెందుకడుగుతాను? పైకప్పు మీదినుంచి పడి, నాలుగు ఎముకలు విరిగినవాడిని నొప్పిగా ఉందా అని ఎవరైనా అడుగుతారా? ఉంటుంది. అది నాకు తెలుసు."

కాగితం సగం లోపల, సగం బయట ఆగిపోయింది.

"మరి..." అంది దెల్ఫీనా.

"ఆగు." సాతుర్నీనా చెయ్యి వచ్చి కవరు మీద పడింది. పిండి అంటిన, గట్టి చెయ్యి. "జవాబు ఇందులో ఉందా?"

"ఉంది."

"మూడుసార్లూ ఒకటేనా? ఒకసారి ఒకటి, ఒకసారి ఒకటి కాదుగదా?"

"ఒకటే."

"పొరపాటు కాదుగదా? మళ్లీ ఏడు నెలలకు వచ్చి ఇంకోలా చెప్పవుగదా?"

దెల్ఫీనా నిజాయితీగా ఆలోచించింది. ఏడు రకాలుగా పరీక్షించింది. ఊపిరి వల్ల వచ్చిందేమో చూసింది, తల కదలడం వల్ల వచ్చిందేమో చూసింది. పోయిన వారం చివర్లో ఒక పూటంతా అది పొరపాటు కావాలనే చూసింది. "చెప్పను," అంది.

"అయితే ఇప్పుడే చెప్పకు. ముందు నేనేం అడిగానో చెబుతాను. నీ జవాబు ముందు విన్నాననుకో, దానికి తగ్గట్టు నా ప్రశ్న మార్చేసుకుంటాను. నలభై ఏళ్లు సంతలో అమ్ముకున్నదాన్ని. ఎదుటివాడి ముఖం చూసి మాట మార్చడం నాకు ఊపిరి పీల్చినంత తేలిక. ఏడు నెలల్లో ఇప్పటికే చాలాసార్లు మార్చుకున్నాను. ఒకరోజు ఇలా అడిగాననుకుంటాను, ఒకరోజు అలా అడిగాననుకుంటాను. ఇవాళ ఆయన కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు మార్చలేను."

ఆమె లేచి, ఖాళీ కుర్చీ పక్కకు వెళ్లి నిలబడింది. చెయ్యి కుర్చీ వీపుమీద వేసింది. రోములో గడప ఇవతలికి ఒక అడుగు వేశాడు. ఏడు నెలల్లో ఆ ఇంట్లో పడ్డ అతని మొదటి అడుగు. అది ఆ ముగ్గురిలో ఎవరూ గమనించలేదు.

"ఆ ముందురోజు మీ పెద్ద డాక్టరు నన్ను పిలిచి అంతా వివరించాడు," అంది సాతుర్నీనా, ఫోటోతో చెబుతున్నట్టు. "పరీక్షలో ఏమీ రాకపోతే గొట్టం తీయడం నా ఇష్టమన్నాడు. ఇంటికి వచ్చి తెల్లార్లూ ఆలోచించాను. తీయిస్తే చంపినట్టా, ఉంచితే హింసించినట్టా? ఆయన్ని అడక్కుండా నేను ఈ ఇంట్లో ఒక కుర్చీ కూడా కొనలేదు. అందుకని అడిగాను. గట్టిగా అడగలేక, ఆ మైకులో నోరు పెట్టి అడిగాను."

వీధిలో ప్రార్థనలు చెప్పేవాళ్ల గుంపు పాడుకుంటూ దగ్గరికి వస్తోంది. పక్కింటి ముందు ఆగారు.

"'కాసీ, నిన్ను పంపించెయ్యనా?' అనడిగాను. అంతే. మూడుసార్లూ అదే మాట, ఒక్క అక్షరం మార్చలేదు."

దెల్ఫీనా కాగితాన్ని మళ్లీ కవరులోకి తోసేసింది. లోపల కాగితం మీద మూడు నీడలున్నాయి. మూడూ వెనకవైపు, లోతుగా, తెలిసిన దారి నడిచే చోట. ఒకటి పోయి, అర నిమిషం ఆగి, రెండోది. అర నిమిషం ఆగి, మూడోది. మూడోది అన్నిటికన్నా ముదురు. ఎందుకు ముదురో వారంనుంచి ఆమెకు అర్థం కాలేదు. ఇప్పుడు అయింది.

డాక్టర్ బుస్తీయోస్ మాట గుర్తొచ్చింది. ఆయన భయపెట్టాడనుకుంది గాని, చెప్పొద్దని అన్నవాడికీ చెబుతానని వచ్చినదానికీ మధ్య ఇంత సన్నటి గీత ఉంటుందని ఆమె అనుకోలేదు. తేనె తెచ్చాననుకుంది. ఒక అబద్ధం చాలు. ఒక్క మాట. ఈ కాగితం చదవడం ఈ ఇంట్లో ఎవరికీ రాదు. కాని ఒక్క మాట నమ్మే గదా వీళ్లు ఇక్కడిదాకా వచ్చింది.

రోములో ఆమెనే చూస్తున్నాడు. తల్లిని కాదు.

సాతుర్నీనా కుర్చీ వీపు వదలకుండా ఇటు తిరిగింది. ఆమె ముఖంలో భయం లేదు. అలసట ఉంది, పొద్దుటినుంచి పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి అలసట.

"ఊఁ, ఇప్పుడు చెప్పమ్మా. నాట్యం చేశాడా, ఇంటికి నడిచాడా?"